లైబ్రేరియన్లకు వర్క్‌షాప్‌లు, శిక్షణలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శిక్షణ ప్రకటన ఒకటి బయటికి వచ్చిందంటే దాని వెనకే అవే సందేహాలు వస్తాయి. వెళ్ళాలా వద్దా, సర్టిఫికెట్ పనికొస్తుందా, కౌంటర్ ఎవరు చూస్తారు, నాకు కంప్యూటర్ అంతగా రాదే, తిరిగొచ్చాక ఏం చేయాలి. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏ దశలో ఉందో చూసుకుని అక్కడికే వెళ్ళండి. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: వర్క్‌షాప్ మంచిదా కాదా అన్నదానికన్నా, మీ లైబ్రరీలో ఆగిపోయిన ఏ పని కోసం వెళ్తున్నారన్నదే ముఖ్యం అనుకుంటాను.

## వెళ్ళాలా వద్దా అని తేల్చుకునే ముందు

డిగ్రీ ఉంది, ఉద్యోగమూ ఉంది. మళ్ళీ ఈ శిక్షణలు దేనికి?

మనం చదువుకున్న నియమాలు మన సర్వీసు పూర్తయ్యేదాకా మారకుండా ఉండవు. ఒక్క క్యాటలాగింగ్‌నే, అంటే పుస్తకాల వివరాలు నమోదు చేసే పనినే చూడండి. 1978 నాటి నియమావళి ఏఏసీఆర్2తో చదువుకున్నవాళ్ళు 2010లో దాని స్థానంలో ఆర్‌డీఏ వచ్చేసరికి అవే పుస్తకాలను కొత్త పద్ధతిలో నమోదు చేయడం నేర్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 మార్చి 31 నుంచి పూర్తిగా ఆర్‌డీఏకి మారింది. ఆ వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే రూపం, 1960ల్లో పుట్టిన మార్క్ ఇంకా నడుస్తూనే ఉంది, దాని స్థానం కోసం బిబ్‌ఫ్రేమ్ తయారవుతోంది. పరిశోధకులు ఓర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికీ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) గురించి అడుగుతారు, ఆ సేవ మొదలైందే 2012లో. వీటిలో చాలావరకు డిగ్రీ పుస్తకాల్లో లేవు. ఎవరైనా నేర్పాలి, లేదా మనమే వెతికి నేర్చుకోవాలి.

నాకు ఏ వర్క్‌షాప్ కావాలో నాకే తెలియడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

ప్రకటనలు ముందేసుకుని కూర్చోకండి. రెండు మూడు వారాల పాటు బల్ల మీద ఒక కాగితం ఉంచుకోండి. పాఠకుడితో "కనుక్కుని చెప్తా" అన్న ప్రతి సందర్భం, వాయిదా వేసిన ప్రతి పని, ఇంకొకరికి ఫోన్ చేసి అడిగిన ప్రతి విషయం అందులో రాయండి. తర్వాత ఒక్కోదాని పక్కన అది ఎందుకు ఆగిందో రాయండి: తెలియక ఆగిందా, టైం లేక ఆగిందా, అధికారం లేక ఆగిందా.

శిక్షణతో తీరేది వీటిలో మొదటి రకం ఒక్కటే. టైం లేక క్యాటలాగ్ చేయని పుస్తకాల గుట్ట ఉందనుకోండి. క్యాటలాగింగ్ వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చినా గుట్ట అలాగే ఉంటుంది, పైగా వెళ్ళిన రోజుల పని కూడా దానికి తోడవుతుంది.

ఇంకాస్త పద్ధతిగా చూసుకోవాలంటే బ్రిటన్‌లోని లైబ్రేరియన్ల సంఘం సిలిప్ తయారుచేసిన నైపుణ్యాల పట్టిక ఉంది. ఒక్కో నైపుణ్యానికి మీకు మీరే మార్కులు వేసుకుని, ఇప్పుడు ఎక్కడున్నారో, ఎక్కడికి చేరాలో పోల్చుకోవచ్చు. నాకైతే కాగితమే మేలనిపిస్తుంది. పట్టిక ముందు కూర్చుంటే అన్నిట్లోనూ వెనకబడ్డట్టు కనిపించి లేనిపోని బెంగ పట్టుకుంటుంది.

లైబ్రరీ సైన్స్ చదవలేదు, కౌంటర్‌లో సహాయకుడిగా పనిచేస్తున్నాను. నన్ను రానిస్తారా?

చాలా చోట్ల రానిస్తారు. డిగ్రీ తప్పనిసరి అయితే ప్రకటనలోనే రాస్తారు. రాయకపోతే అర్హత ఉన్నట్టే అనుకుని దరఖాస్తు చేయండి. పాఠకుడితో ఎక్కువసేపు మాట్లాడేది కౌంటర్‌లో ఉన్నవాళ్ళే కాబట్టి రిఫరెన్స్ సంభాషణ (పాఠకుడికి ఏం కావాలో మాట్లాడి తెలుసుకోవడం), కోపంగా ఉన్న పాఠకుడితో మాట్లాడే తీరు, డేటాబేస్‌లో వెతకడం లాంటి అంశాలు అందరికన్నా ముందు మీకే కావాలి.

ఎక్కడ చూసినా ఏఐ వర్క్‌షాప్‌లే. వెళ్ళకపోతే వెనకబడిపోతానా?

వెళ్ళండి, కానీ ఏరుకుని వెళ్ళండి. చాట్‌బాట్‌ని ఎలా అడగాలో చూపించి ముగించేవాటితో పెద్ద ఉపయోగం ఉండదు, ఆ భాగం ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. చాట్‌బాట్ తప్పు చెప్పినప్పుడు ఎలా పట్టుకోవాలో నేర్పేది వెతకండి. లేని వ్యాసానికి రచయితల పేర్లు, సంపుటి సంఖ్య, పేజీలు అన్నీ అల్లి ఇచ్చేస్తుంది. ఆ వివరాలు పట్టుకుని పాఠకుడు వచ్చేది మీ దగ్గరికే. "ఈ వ్యాసం తెప్పించండి" అని అడిగితే అది అసలు ఉందో లేదో తేల్చడం ఇప్పుడు రిఫరెన్స్ పనిలో భాగమైపోయింది.

క్యాటలాగింగ్ వైపు ఆసక్తి ఉంటే ఫిన్లాండ్ జాతీయ గ్రంథాలయం రూపొందించిన ఆనిఫ్ చూడండి. పుస్తక వివరణ చదివి విషయ శీర్షికలు సూచించే ఓపెన్ సోర్స్ పరికరం అది. దాని శిక్షణ వీడియోలు, అభ్యాసాలు ఉచితం. సూచనల్లో ఏవి ఉంచాలో, ఏవి కొట్టేయాలో తేల్చాల్సింది మనిషే అన్న సంగతి చేసి చూస్తే తెలిసిపోతుంది.

రిటైర్మెంట్ దగ్గరపడింది. ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం?

కొత్త సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి లేకపోతే వదిలేయండి. కానీ మీకు తెలిసినది రాసిపెట్టడం, కొత్తవాళ్ళకు నేర్పడం గురించిన శిక్షణ ఏదైనా ఉంటే వదలకండి. ఏ అల్మరాలో ఏ విరాళపు సేకరణ ఉందో, ఫలానా వర్గీకరణ సంఖ్యను మీ లైబ్రరీలో ఎందుకు మార్చి వాడుతున్నారో మీకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

## ఎంచుకునేటప్పుడు

ప్రకటన చూసి మంచి వర్క్‌షాపో కాదో ఎలా కనిపెట్టాలి?

సమయపట్టిక అడగండి. అందులో మీ చేతులతో మీరు చేసే గంటలు ఎన్నో లెక్కపెట్టండి. ప్రారంభోపన్యాసాలకే సగం పూట పోయి, మిగతాదంతా స్లైడ్లే అయితే అది వర్క్‌షాప్ పేరుతో జరిగే ఉపన్యాస సభ.

తర్వాత, నేర్పేవాళ్ళు ఆ పని రోజూ చేస్తున్నారా అని చూడండి. పెద్ద హోదాకన్నా నిరుడు ఇదే పని తన లైబ్రరీలో పూర్తి చేసిన మనిషి మేలు. పాల్గొనేవాళ్ళు ఎంతమంది, పక్కన నిలబడి సాయం చేసేవాళ్ళు ఎంతమంది అని కూడా అడగండి.

సాఫ్ట్‌వేర్ వర్క్‌షాప్ అయితే ఏ వెర్షన్ మీద నేర్పుతారో తప్పకుండా కనుక్కోండి. ఉదాహరణకు లైబ్రరీ పనులు నడిపే సాఫ్ట్‌వేర్ కోహా కొత్త వెర్షన్లు ఏడాదికి రెండుసార్లు, మే, నవంబరు నెలల్లో వస్తాయి. మీ దగ్గర ఉన్నదానికీ అక్కడ నేర్పినదానికీ చాలా వెర్షన్ల తేడా ఉంటే, తిరిగొచ్చాక అక్కడ చూసిన మెనూ కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

డబ్బు కట్టకుండా నేర్చుకునే చోట్లు ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ నడిపే వెబ్‌జంక్షన్‌లో లైబ్రరీ సిబ్బంది కోసం వెబినార్లు, చిన్న కోర్సులు ఉచితంగా దొరుకుతాయి. పాత వెబినార్ల రికార్డింగులు కూడా ఉంటాయి. లైబ్రరీవాళ్ళకు డేటా, కంప్యూటర్ నైపుణ్యాలు నేర్పే లైబ్రరీ కార్పెంట్రీ పాఠాలన్నీ బహిరంగంగానే ఉన్నాయి. డేటా శుభ్రం చేయడం, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష), గిట్ (ఫైళ్ళలో మార్పుల చరిత్ర ఉంచే పరికరం) లాంటివి లైబ్రరీ ఉదాహరణలతోనే నేర్పుతారు. కాపీరైట్, ఓపెన్ లైసెన్సుల మీద క్రియేటివ్ కామన్స్ సర్టిఫికెట్ కోర్సుకి ఫీజు ఉంది కానీ, పాఠ్యాంశం ఉచితంగా చదువుకోవచ్చు. కోహా, డిజిటల్ సేకరణలు భద్రపరిచే డీస్పేస్ రెండూ ఓపెన్ సోర్సే కాబట్టి మీ సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని పాడు చేస్తూ బాగు చేస్తూ నేర్చుకోవచ్చు.

వీటిలో ఒకటి మొదలుపెట్టి పూర్తి చేయండి. పదింటికి పేరు నమోదు చేసుకుని ఒక్కటీ ముగించనివాళ్ళే ఎక్కువ.

ఆన్‌లైన్‌లో చేస్తే సరిపోతుందా, నేరుగా వెళ్ళాలా?

తెర మీద జరిగే పనైతే ఆన్‌లైన్ చాలు. క్యాటలాగింగ్, డేటాబేస్ వెతుకులాట, మెటాడేటా (పుస్తకం, ఫైలు గురించిన వివరాలు), లైసెన్సు ఒప్పందాలు చదవడం, ఇవన్నీ ఇంటి నుంచే నేర్చుకోవచ్చు. ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూసే వీలుండటం వల్ల కొందరికి అదే నయం.

చేతితో చేసే పనికి మాత్రం వెళ్ళాల్సిందే. చిరిగిన పేజీకి జపనీస్ కాగితం, పిండి జిగురుతో అతుకు వేయడం వీడియోలో ఎంత చూసినా రాదు. జిగురు ఎంత పలచగా ఉండాలో వేళ్ళకి తెలియాలి. నీళ్ళలో తడిసిన పుస్తకాలను కాపాడే శిక్షణా అంతే. తడిసిన కాగితానికి దాదాపు 48 గంటల్లో బూజు మొదలయ్యే ప్రమాదం ఉంది. దేన్ని గాలికి ఆరబెట్టాలి, దేన్ని వెంటనే గడ్డకట్టించాలి అన్న నిర్ణయం ఆ హడావిడిలోనే తీసుకోవాలి. అందుకే మంచి శిక్షకులు పనికిరాని పుస్తకాలను నిజంగానే తడిపి ముందు పెడతారు. పిల్లలకు కథ చెప్పడం కూడా ఎదురుగా పిల్లలు ఉంటే తప్ప రాదు.

సదస్సుకి వెళ్ళడం మంచిదా, వర్క్‌షాప్‌కా?

పని నేర్చుకోవాలంటే వర్క్‌షాప్, మనుషులు పరిచయం కావాలంటే సదస్సు. లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా జరిపే ప్రపంచ మహాసభ లాంటి చోట్ల కూడా అసలు పాఠాలు కొన్నిసార్లు హాలు బయటే జరుగుతాయి. మీకున్న సమస్యే ఇంకో దేశంలోని లైబ్రేరియన్‌కీ ఉందని, వాళ్ళు ఒక దారి కనిపెట్టారని టీ విరామంలో తెలుస్తుంది. మొదటిసారి వెళ్తుంటే సెషన్లన్నీ వినాలని పరుగులు పెట్టకండి.

ఎవరో పేరు తెలియని సంస్థ నుంచి సదస్సుకి ఆహ్వానం వచ్చింది. నమ్మొచ్చా?

మీ పేరు ముందు గొప్ప విశేషణాలు, ఒకే వేదిక మీద వైద్యం నుంచి గ్రంథాలయ శాస్త్రం దాకా అన్ని విషయాలు, రెండు రోజుల్లో పేపర్ అంగీకరిస్తామన్న హామీ, ఫీజు వెంటనే కట్టమనే తొందర. ఇవి కనిపిస్తే అనుమానించాలి. నిర్వాహక కమిటీలో ఉన్నవాళ్ళలో ఒకరికి, వాళ్ళ సంస్థ ఇచ్చిన చిరునామాకే, నేరుగా మెయిల్ రాసి అడగండి. తమ పేరు అక్కడ ఉందన్న సంగతే వాళ్ళకి తెలియకపోవడం కద్దు. ఇలాంటి పరీక్షల కోసమే థింక్ చెక్ అటెండ్ అనే ఉచిత జాబితా ఉంది.

సర్టిఫికెట్‌కి నిజంగా విలువ ఉందా?

ఎవరు అడుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని దేశాల్లో వృత్తిపరమైన నమోదు నిలబెట్టుకోవాలంటే నేర్చుకుంటూనే ఉన్నట్టు చూపించాలి. న్యూజీలాండ్ లైబ్రరీ సంఘం నమోదును మూడేళ్ళకోసారి తిరిగి ధ్రువీకరించుకోవాలి. అమెరికాలో వైద్య గ్రంథపాలకుల సంఘం పాయింట్ల పద్ధతి నడుపుతోంది. అలాంటి చోట కాగితానికి లెక్క ఉంది. ప్రమోషన్ నియమాల్లో ఫలానా శిక్షణ అని పేరు పెట్టి రాసి ఉంటే, ఫీజు కట్టకముందే ఆ నియమం చదవండి. గంటలు ఎన్ని ఉండాలి, ఎవరు ఇచ్చినది చెల్లుతుంది అన్నవి అక్కడే ఉంటాయి. ఈ రెండూ కాకపోతే, నేర్చుకుని చేసిన పనే ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంగ్లిష్ అంతగా రాదు. ఇంగ్లిష్‌లో ఉన్న కోర్సు అర్థమవుతుందా?

పని నేర్పే కోర్సు అయితే అనుకున్నంత కష్టం కాదు. అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి కాబట్టి మొదటి గంట గడిస్తే తేలికవుతుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వేగం తగ్గించుకోండి. చర్చలే ప్రధానమైన కోర్సులు మాత్రం కాస్త ధైర్యం వచ్చాక తీసుకోండి.

## అనుమతి, సమయం

పై అధికారి పంపించడం లేదు. ఎలా ఒప్పించాలి?

"నాకు వెళ్ళాలని ఉంది" అని కాకుండా, లైబ్రరీ సమస్యతో మొదలుపెట్టి ఒక పేజీ రాయండి. ఏ పని ఆగింది, దానివల్ల పాఠకులకు ఏం ఇబ్బంది అవుతోంది, ఈ వర్క్‌షాప్‌లో ఏ భాగం దానికి పనికొస్తుంది, మీరు లేని రోజుల్లో కౌంటర్ ఎవరు చూస్తారు, తిరిగొచ్చిన నెలలోపు ఏం పూర్తి చేసి చూపిస్తారు. చివరి రెండే అధికారి అసలు చూసేవి. కౌంటర్ సంగతి తేల్చకుండా ఎంత బాగా రాసినా లాభం లేదు.

ఆధారం కావాలంటే ఇఫ్లా 2016 నాటి వృత్తి వికాస మార్గదర్శకాలు చూపించండి. నేర్చుకునే బాధ్యత ప్రధానంగా ఉద్యోగిదే అంటూనే, సంస్థకీ అందులో వాటా ఉందని అవి చెప్తాయి. బడ్జెట్‌లో కనీసం 0.5 నుంచి 1 శాతం సిబ్బంది శిక్షణకి, పని గంటల్లో దాదాపు 10 శాతం నేర్చుకోవడానికి కేటాయించాలన్నది సిఫార్సు. 10 శాతమంటే వారానికి దాదాపు ఒక పూట. ఎవరూ అంత ఇవ్వకపోవచ్చు, కానీ బేరం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు కదా.

లైబ్రరీలో నేనొక్కడినే. తలుపు మూసి వెళ్ళలేను. ఏం చేయాలి?

రోజంతా జరిగేవి వదిలేసి, గంట గంటగా విడగొట్టినవి, రికార్డింగ్ ఇచ్చేవి చూసుకోండి. వారంలో పాఠకులు తక్కువగా వచ్చే ఒక గంటను దానికే ఉంచి, ఆ సంగతి తలుపు మీద రాసి పెట్టండి. దగ్గర్లో ఇంకో ఒంటరి లైబ్రేరియన్ ఉంటే ఒకరి లైబ్రరీని మరొకరు ఒక రోజు చూసుకునే ఏర్పాటు కుదురుతుందేమో అడగండి. పని చేసే ఇంకో చోటును లోపలి నుంచి చూడటమే పెద్ద పాఠం, దానికి సర్టిఫికెట్ ఉండదు అంతే.

## వెళ్ళే ముందు, అక్కడ ఉన్నప్పుడు

వెళ్ళేటప్పుడు నాతో ఏం తీసుకెళ్ళాలి?

మీ లైబ్రరీ డేటా కొంచెం. శిక్షకుడు ఇచ్చే ఉదాహరణ డేటా ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, మనది ఉండదు. ఒకే రచయిత పేరు ఇంటిపేరు ముందు ఒకసారి, వెనక ఒకసారి, పొట్టి అక్షరాలతో ఇంకోసారి ఉంటుంది. ఇలాంటి ఒక యాభై, వంద రికార్డులు తీసుకెళ్ళండి. ఓపెన్‌రిఫైన్ లాంటి పరికరం ఈ రూపాలను దగ్గరగా చేర్చి, ఏవి కలపాలో అడుగుతుంది. మీ సొంత రికార్డుల మీద అది చూసినప్పుడే దాని విలువా తెలుస్తుంది, ఎక్కడ తప్పు కలుపుతుందో కూడా తెలుస్తుంది.

పాఠకుల వివరాలు మాత్రం తీసుకెళ్ళకండి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న చరిత్ర అసలే వద్దు. "టెస్ట్ కోసమే" అని మొత్తం బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసుకు రావడం చాలా చోట్ల చూస్తుంటాం. అది పాఠకుల నమ్మకానికి సంబంధించిన విషయం.

కంప్యూటర్ పని అంతగా రాదు. అందరి ముందూ వెనకబడిపోతానేమో అని టెన్షన్.

ముందే నిర్వాహకులకు మెయిల్ పెట్టి, ఏమేం వచ్చి ఉండాలో, ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకురావాలో అడగండి. మొదటి గంటలో జనం వెనకబడేది చాలావరకు ఇన్‌స్టాలేషన్ దగ్గరే, పాఠం దగ్గర కాదు.

మంచి శిక్షకులు ఈ భయానికి మందు కనిపెట్టారు. లైబ్రరీ కార్పెంట్రీ పద్ధతిలో ఒక్కొక్కరికీ రెండు రంగుల స్టికీ నోట్లు ఇస్తారు. సాయం కావాలంటే ఒక రంగు, పని పూర్తయితే ఇంకో రంగు ల్యాప్‌టాప్ మీద అంటించాలి. చెయ్యెత్తి అందరి ముందూ అడగక్కర్లేదు, పక్కన తిరిగే సహాయకుడు చూసుకుని వస్తాడు. అలాంటి ఏర్పాటు లేకపోతే తెలిసిన మనిషి పక్కన కూర్చోండి.

అక్కడికి వెళ్ళాక పాఠం నాకు తెలిసినదే అని తేలింది. లేచి వచ్చేయనా?

రోజు మొత్తం అదే అయితే నిర్వాహకులకు చెప్పి వచ్చేయడంలో తప్పు లేదు. ఉండాలనుకుంటే మాత్రం పక్కవాళ్ళకి సాయం చేయండి, శిక్షకుడు చిక్కులను ఎలా విప్పి చెప్తున్నాడో గమనించండి.

## తిరిగి వచ్చాక

నేర్చుకున్నది నెల తిరిగేసరికి మర్చిపోతున్నాను. ఎలా?

అందరికీ అంతే. వాడని జ్ఞాపకం మొదట్లోనే వేగంగా కరిగిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే రాశాడు. వచ్చిన వారంలోపే, నోట్సు చూడకుండా, మీ లైబ్రరీ డేటా మీద ఒక చిన్న పని చేయండి. ఆగిన చోట నోట్సు తెరవండి. వారం తర్వాత మళ్ళీ ఒకటి, నెల తర్వాత మళ్ళీ ఒకటి.

చేసేటప్పుడే దశలవారీగా ఒక పేజీ రాసిపెట్టుకోండి. శిక్షకుడి స్లైడ్లు ఆరునెలల తర్వాత అర్థం కావు, సొంత మాటల్లో రాసుకున్నది అర్థమవుతుంది. ఫైల్‌కి తేదీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాయడం మర్చిపోకండి.

మిగతా సిబ్బందికి చెప్పమన్నారు. రెండు రోజుల పాఠం ఎలా చెప్పాలి?

రెండు రోజులదీ చెప్పకండి. మీ లైబ్రరీలో రేపటి నుంచి మారబోయే ఒకే ఒక పని తీసుకుని అరగంటలో చేసి చూపించండి, తర్వాత వాళ్ళ చేత చేయించండి. మౌస్ వాళ్ళ చేతిలో ఉండాలి.

నేర్చుకొచ్చాను, కానీ ఇక్కడ అమలు చేయనివ్వడం లేదు.

పాత పద్ధతిని తీసేయమని అడిగితే ఎవరైనా అడ్డుపడతారు. ఒక్క అల్మరా, ఒక్క విభాగం, ఒక్క సేకరణ మీద నెల రోజులు చేసి చూపిస్తానని అడగండి. ముందు, తర్వాత ఎలా ఉందో అంకెలతో చూపించండి: పాఠకుడు వెతికినప్పుడు ఎన్ని ఫలితాలు వచ్చాయి, పుస్తకం దొరకడానికి ఎంతసేపు పట్టింది. అప్పటికీ కాదంటే అది మీ శిక్షణ లోపం కాదు, సంస్థలో నిర్ణయాలు జరిగే తీరు.

## మీరే నిర్వహించాలనుకుంటే

మా లైబ్రరీలోనే చిన్న శిక్షణ పెట్టాలని ఉంది. డబ్బు లేదు. సాధ్యమేనా?

సాధ్యమే, దానికి మంచి ఉదాహరణ ఉంది. 2006లో అమెరికాలోని షార్లెట్ మెక్లెన్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీలో హెలీన్ బ్లోవర్స్ సిబ్బంది కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. బ్లాగు, ఫొటోల షేరింగ్, ట్యాగింగ్ లాంటి 23 చిన్న పనుల జాబితా అది. ఎవరి వీలును బట్టి వాళ్ళు చేసుకుంటూ, ఏం నేర్చుకున్నారో రాసుకుంటూ పోవాలి. గడువులోపు పూర్తి చేసినవాళ్ళకు ఎంపీ3 ప్లేయర్ బహుమతి. తరగతి గది లేదు, బయటి శిక్షకుడు లేడు. '23 థింగ్స్' పేరుతో చాలా దేశాల లైబ్రరీలు దాన్ని తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. మీరు అయిదు పనులతో మొదలుపెట్టవచ్చు. ఒక్కోటి పావుగంటలో అయ్యేలా చూడండి.

ఎంతమందిని తీసుకోవాలి?

చేతితో చేయించే వర్క్‌షాప్‌కి ఒక సహాయకుడు ఎంతమంది దగ్గరికి వెళ్ళగలడో అంతమందినే. నా లెక్కలో ఒక మనిషికి ఎనిమిది, పదిమందికి మించితే వెనక వరుస వదిలేసినట్టే. హాలు నిండాలని సంఖ్య పెంచకండి.

చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే అందరూ 'బాగుంది' అనే రాస్తారు. నిజం ఎలా తెలుస్తుంది?

అమెరికన్ ప్రొఫెసర్ డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణను నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం మారిందా. మన ఫారంలు దాదాపు అన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. భోజనం, హాలు, శిక్షకుడి మాటతీరు బాగుంటే ఆ మెట్టు దాటినట్టే.

ఆ రోజు ఫారంలో రెండే అడగండి: పనికొచ్చినది ఒకటి, మార్చాల్సినది ఒకటి. పేరు రాయక్కర్లేదని చెప్పండి. అసలు ప్రశ్న రెండు నెలల తర్వాత ఫోన్‌లో అడగండి: "అక్కడ నేర్చుకున్నదాంట్లో ఈ వారం ఏం వాడారు?" ఏమీ లేదంటే ఎందుకు వాడలేదో అడగండి. సర్వర్ లేదు, అనుమతి రాలేదు, వెర్షన్ వేరు, నోట్సు అర్థం కాలేదు, ఇలా వచ్చే జవాబులతోనే తర్వాతి వర్క్‌షాప్ సమయపట్టిక తయారుచేసుకోండి.